విశాఖ జలాశయాల నీటి నాణ్యత: ఉపగ్రహం ఎంతవరకు చెప్పగలదు?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. విశాఖపట్నం పరిసరాల్లోని మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలనూ, కొండకర్ల ఆవ అనే సరస్సునూ ఎంచుకుని, ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల సాయంతో వాటి నీటి నాణ్యతను అంచనా వేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయబోతున్నానని రాశారు. క్లోరోఫిల్, టర్బిడిటీ (నీటి మసకదనం)లతో పాటు కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, బీఓడీ (సేంద్రియ వ్యర్థాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) విలువలను కూడా చిత్రాల నుంచే రాబట్టవచ్చా, నీటి నమూనాలు తీయకుండానే పని పూర్తవుతుందా అని అడిగారు. మొదటి రెండూ వీలవుతాయి, తరువాతి మూడూ వీలుకావు, నమూనాలు లేకుండా మాత్రం ఏదీ నిలబడదు. ఎందుకో తెలిస్తేనే ప్రాజెక్టును ఎలా అమర్చుకోవాలో మీకే తేలుతుంది కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ఉపగ్రహం కొలిచేది నీటి రంగును మాత్రమే. సూర్యకాంతి నీటిలోకి దిగి, అక్కడ ఉన్న పదార్థాలను తాకి, కొంత భాగం తిరిగి పైకి వస్తుంది. ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెనక్కి వచ్చిందన్నదే మన చేతికి అందే సమాచారం. నీటి రంగును గణనీయంగా మార్చేవి నీరు కాక మరో మూడు. ఒకటి నాచులోని పత్రహరితం, అంటే క్లోరోఫిల్; రెండోది నీటిలో తేలియాడే మట్టి రేణువులు; మూడోది కుళ్లిన ఆకులు, మొక్కల నుంచి దిగి నీటికి టీ డికాక్షన్ ఛాయ తెచ్చే కరిగిన సేంద్రియ పదార్థం. క్లోరోఫిల్ 665 నానోమీటర్ల ప్రాంతంలో ఎరుపు కాంతిని బలంగా పీల్చుకుంటుంది, 700 దాటిన వెంటనే ఆ పీల్చుకోవడం ఆగిపోతుంది కాబట్టి నాచు ఎక్కువగా ఉన్న నీటిలో 705 దగ్గర ఒక చిన్న శిఖరం కనిపిస్తుంది. మట్టి రేణువులు పెరిగే కొద్దీ ముందు ఎరుపులోనూ, ఇంకా పెరిగితే సమీప పరారుణంలోనూ (ఎరుపుకు ఆవల, కంటికి కనిపించని కాంతి) వెలుగు పెరుగుతుంది. కరిగిన సేంద్రియ పదార్థం నీలి కాంతిని తినేస్తుంది. స్వచ్ఛమైన నీరు ఎరుపునూ, అంతకంటే ఎక్కువగా పరారుణాన్నీ పీల్చుకుంటుంది కాబట్టే చిత్రాల్లో జలాశయం నల్లగా పడుతుంది.

ఇప్పుడు నైట్రేట్ సంగతి చూడండి. సెంటినెల్-2 చూసే కాంతిలో దానికి రంగు లేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా యాభై ఉన్నా నీటి పరావర్తనంలో, అంటే నీరు వెనక్కి పంపే కాంతి వంతులో, తేడా రాదు. కరిగిన ఆక్సిజన్, బీఓడీ, ఫాస్ఫేట్, ఫ్లోరైడ్, భార లోహాలు, కోలిఫాం బ్యాక్టీరియా అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. అయినా వీటిని చిత్రాల నుంచి లెక్కగట్టామని చెప్పే పత్రాలు మీకు ఎన్నో కనబడతాయి. అక్కడ జరిగేది ఏమిటంటే, ఒకే రోజు ఒకే చెరువులో పది ఇరవై చోట్ల నమూనాలు తీసి, బ్యాండ్ల (ఉపగ్రహం విడివిడిగా కొలిచే తరంగదైర్ఘ్యపు పట్టీల) నిష్పత్తులు వందల కొద్దీ ప్రయత్నించి, వాటిలో బాగా కుదిరిన దాన్ని సూత్రంగా ప్రకటించడం. మురుగు కలిసే చోట నైట్రేటూ నాచూ రెండూ ఎక్కువగా ఉండవచ్చు, అప్పుడు నాచు రంగు ద్వారా నైట్రేట్ అందినట్టే అనిపిస్తుంది. మరో నెలలో నాచు ఆ నైట్రేట్‌ను తినేసి పెరిగితే సంబంధం తలకిందులవుతుంది. కరిగిన ఆక్సిజన్ విషయంలో ఇది మరీ ప్రమాదకరం. నాచు దట్టంగా ఉన్న నీటిలో పగలు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ నిండుగా ఉండి, తెల్లవారుజాముకు అడుగంటుతుంది, చేపలు చనిపోయేది ఆ వేళలోనే. మన ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటిపోతుంది. ఆ సమయపు రంగును చూసి తెల్లవారుజామున ఏం జరిగిందో చెప్పడం శాస్త్రం కాదు. అందుచేత మీ ప్రాజెక్టు శీర్షికలోనే క్లోరోఫిల్, టర్బిడిటీ, తేటదనం అనే మూడు కొలతలను స్పష్టంగా పేర్కొని, మిగిలిన వాటిని ల్యాబ్ పరీక్షల పట్టికకు పరిమితం చేయండి. నుదురు తాకి జ్వరం ఉందో లేదో చెప్పవచ్చు, ఏ జ్వరమో రక్తపరీక్షే చెప్పాలి. ఉపగ్రహానికీ నమూనా సీసాకూ ఉన్న సంబంధం అలాంటిదే. సీసాను ఎప్పుడు, ఎక్కడ ముంచాలో చెప్పడం, ముంచని చోట్ల, ముంచని రోజుల్లో ఏం జరుగుతోందో చూపించడం దాని అసలు ప్రయోజనం.

ఏ ఉపగ్రహం అన్నదానిలో మీ ఎంపిక సరైనదే. సెంటినెల్-2ఏ 2015 జూన్‌లో, 2బీ 2017 మార్చిలో, 2సీ 2024 సెప్టెంబరులో కక్ష్యలోకి వెళ్లాయి. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి మన మీదుగా వెళతాయి. చెరువుల వారికి ఇందులో ఉన్న అసలు వరం 705 నానోమీటర్ల బ్యాండు. దాని పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్క గడి, నేల మీద 20 మీటర్లు. 10 మీటర్ల ఎరుపు బ్యాండుతో కలపడానికి దాన్ని 10 మీటర్లకు సాగదీసి మ్యాపు అందంగా చేయాలని అనిపిస్తుంది. అలా చేయకండి, సాగదీసినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు, ఒడ్డు దగ్గర మాత్రం తప్పుడు విలువలు పుడతాయి. క్లోరోఫిల్ మ్యాపు 20 మీటర్లలోనే ఉండనివ్వండి. సెంటినెల్-3లోని రంగు సెన్సరుకు 21 బ్యాండ్లు ఉన్నాయి, నీలి-ఆకుపచ్చ నాచును గుర్తించడానికి కావలసిన 620 నానోమీటర్ల బ్యాండు కూడా ఉంది, కానీ దాని పిక్సెల్ 300 మీటర్లు, అంటే తొమ్మిది హెక్టార్లు. ముడసర్లోవ వంటి చిన్న జలాశయంలో అది ఒడ్డునూ కొండనూ కలుపుకునే చూస్తుంది. మన ఇస్రో ఓషన్‌శాట్-3 కూడా సముద్రం కోసం ఉద్దేశించినదే కాబట్టి ఇక్కడ పనికిరాదు. రిసోర్స్‌శాట్ లిస్-4 చిత్రాలు 5.8 మీటర్ల స్పష్టతతో గుర్రపుడెక్క విస్తీర్ణానికీ, ఆక్రమణలకూ చక్కగా ఉపయోగపడతాయి కానీ 705 బ్యాండు లేదు. అమెరికా వారి ల్యాండ్‌శాట్ గురించి కింద చెబుతాను. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: సెంటినెల్-2లో 620 బ్యాండు లేదు కాబట్టి, కనిపించిన నాచు విషపూరితమైన నీలి-ఆకుపచ్చ రకమా, మామూలు పచ్చ నాచా అని ఆ చిత్రం చెప్పలేదు. ఆ మాట మైక్రోస్కోపే చెప్పాలి.

ఇక చిత్రాన్ని శుద్ధి చేసే దశకు వద్దాం. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం చెడిపోయేది ఇక్కడే. నీటి మీదుగా ఉపగ్రహానికి చేరే కాంతిలో, ముఖ్యంగా నీలి బ్యాండ్లలో, ఎనభై నుంచి తొంభై శాతం దాకా గాలి నుంచే వస్తుంది. నీటి నుంచి వచ్చేది మిగిలిన కొద్దిపాటి భాగం. విశాఖలో సముద్రపు ఉప్పు తుంపర, పారిశ్రామిక ధూళి, శీతకాలపు పొగమంచు కలిసి ఈ గాలి భాగం రోజురోజుకూ మారుతుంది. సిద్ధంగా దొరికే రెండో స్థాయి చిత్రాలను సెన్‌టుకోర్ అనే సాఫ్ట్‌వేరుతో సవరిస్తారు, అది నేల కోసం రాసినది. నీటి కోసం బెల్జియం వారు ఉచితంగా ఇచ్చే ఆకొలైట్‌ను గానీ, స్నాప్ అనే సాఫ్ట్‌వేరులో ఉన్న సీటూఆర్‌సీసీని గానీ వాడండి. రెండింటితోనూ చేసి, మీ నమూనాలకు ఏది దగ్గరగా వస్తుందో చూసి ఒకదాన్ని ఖాయం చేసుకోవడం మంచిది. మట్టి నీటికి ఆకొలైట్ సాధారణంగా నిలకడగా ఉంటుందని నా అనుభవం.

దానికంటే ముందు ఒక సంఖ్య విషయం సరిచూసుకోవాలి. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి పిక్సెల్ విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. పరావర్తనం కావాలంటే ముందు 1000 తీసివేసి, తరువాత 10000తో భాగించాలి. నేల మీద ఇది మరిచిపోతే తేడా ఓ మోస్తరుగా ఉంటుంది, నీటి మీద మాత్రం ఫలితం సర్వనాశనం అవుతుంది. ఒక పిక్సెల్‌లో 665 బ్యాండు విలువ 1200, 705 బ్యాండు విలువ 1300 ఉన్నాయనుకోండి. చాలామంది వాడే ఎన్‌డీసీఐ సూచిక, అంటే 2012లో సచ్చిదానంద మిశ్రా, దీపక్ మిశ్రా ప్రతిపాదించినది, 705 విలువలోంచి 665 విలువను తీసివేసి ఆ రెండింటి మొత్తంతో భాగిస్తుంది. ఉన్న విలువలతో నేరుగా లెక్కిస్తే వందను 2500తో భాగించి 0.04 వస్తుంది. వెయ్యి తీసివేసి లెక్కిస్తే 200, 300 మిగులుతాయి, వందను 500తో భాగించి 0.2 వస్తుంది. మొదటిది నాచు తక్కువ అంటుంది, రెండోది బాగా ఉంది అంటుంది. 2019 నుంచి 2024 దాకా గ్రాఫు గీసి, 2022లో మేఘాద్రిగెడ్డ నీరు ఒక్కసారిగా బాగుపడిందని రాసేవారికి ఈ వెయ్యి కారణమై ఉండవచ్చు. తేదీని బట్టి మాత్రమే నిర్ణయించకండి, ఎందుకంటే పాత చిత్రాలను కూడా కొత్త పద్ధతిలో తిరిగి తయారుచేసి విడుదల చేశారు. ప్రతి ఫైలు వెంట వచ్చే మెటాడేటాలో (ఫైలు వివరాల్లో) ప్రాసెసింగ్ బేస్‌లైన్, అంటే తయారీ పద్ధతి సంఖ్య, 04.00 లేదా ఆపైదా అని చూడండి. చిత్రాలను ఆన్‌లైన్‌లోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో అయితే హార్మొనైజ్డ్ అని పేరున్న సేకరణనే తీసుకోండి, అందులో ఈ తేడా సరిచేసి ఉంటుంది.

ఈ ఉదాహరణ మరో సంగతిని కూడా చూపిస్తుంది. గాలి వల్ల వచ్చిన కాంతిని పూర్తిగా తీసివేయకపోతే రెండు బ్యాండ్లకూ అదనపు విలువ మిగిలి ఎన్‌డీసీఐ సున్నా వైపు నొక్కుకుపోతుంది, ఎక్కువ తీసివేస్తే విలువలు రుణాత్మకమై సూచిక ఎటో ఎగిరిపోతుంది. కాబట్టి సూచికను గీసే ముందు 665, 705 పరావర్తనాలను విడివిడిగా చూసే అలవాటు చేసుకోండి. నాచు లేని తేట నీటికి ఎన్‌డీసీఐ రుణ విలువే రావాలి, ఎందుకంటే 705 దగ్గర నీరు కాంతిని 665 దగ్గర కన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది. క్లోరోఫిల్ లీటరుకు ఐదు మైక్రోగ్రాముల లోపు ఉన్నప్పుడు ఈ సూచిక మీద ఆధారపడకండి. అంత తక్కువలో 705 శిఖరం అనేదే ఉండదు.

ఎండ మెరుపు మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, మే రెండో వారంలోనూ మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకు వస్తాడు. ఆ రోజుల్లో పదిన్నరకే సూర్యుడు చాలా ఎత్తులో ఉంటాడు కాబట్టి, చిన్న అలల మీద నుంచి మెరుపు నేరుగా ఉపగ్రహం కంట్లో పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ బెడద దాదాపు ఉండదు. అనుమానం వచ్చినప్పుడు 1610 నానోమీటర్ల బ్యాండు తెరచి చూడండి. ఆ తరంగదైర్ఘ్యంలో నీరు ఎంత బురదగా ఉన్నా నల్లగానే ఉండాలి. అక్కడ జలాశయం నడిమధ్య వెలుగు కనిపిస్తే అది మెరుపో, పలుచని మేఘమో, తేలే మొక్కో అయి ఉంటుంది. కొండల నడుమ ఉన్న జలాశయాల్లో పక్కనున్న పచ్చని నేల నుంచి చెదిరిన కాంతి కూడా నీటి పిక్సెళ్ల మీద పడుతుంది. పచ్చదనానికి 705 దాటాక వెలుగు ఎక్కువ కాబట్టి ఒడ్డు పొడవునా ఒక ఉత్తుత్తి నాచు అంచు ఏర్పడుతుంది. ఒడ్డు నుంచి కనీసం మూడు పిక్సెళ్లు, అంటే 60 మీటర్లు వదిలేయండి.

మీరు ఎంచుకున్న మూడు జలాశయాలు మూడు రకాలు, మూడింటికీ ఒకే సూత్రం వర్తింపజేయాలనే ఆలోచన ఉంటే మానుకోండి.

ముడసర్లోవ బ్రిటిషు కాలం నుంచీ నగరానికి నీళ్లిస్తున్న చిన్న జలాశయం. దాని మీద 2018లో రెండు మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. ఆ పలకలు నీలి నలుపు, వాటి మధ్య తేలే తెప్పలు లేత రంగు. నీటిని గుర్తించే సూచిక కొన్ని పలకల పిక్సెళ్లను నీరుగానే లెక్కవేస్తుంది, తెప్పల అంచు పిక్సెళ్లకు ఎరుపులో ఎక్కువ వెలుగు ఉండి అధిక టర్బిడిటీ చూపిస్తుంది. పైగా నీటిమట్టం దిగినప్పుడు, గాలి లాగినప్పుడు ఆ తెప్పలు లంగరు తాళ్ల నిడివి మేరకు కొద్దిగా జరుగుతాయి. అందుకే ఒకే తేదీ నాటి సరిహద్దు గీసి ఊరుకోకుండా, స్పష్టమైన చిత్రం మీద పలకల హద్దు చేత్తో గీసి, చుట్టూ రెండు మూడు పిక్సెళ్లు అదనంగా కలిపి తీసివేయండి. 2018కి ముందు చిత్రాల్లో కూడా అదే ప్రాంతాన్ని తీసివేస్తేనే పాత, కొత్త సగటులను పోల్చడం న్యాయంగా ఉంటుంది. అన్నీ తీసివేశాక ముడసర్లోవలో మిగిలే శుభ్రమైన పిక్సెళ్లు కొన్నే. అక్కడ మ్యాపు జోలికి పోకుండా నడిమి పిక్సెళ్ల మధ్యగత (మీడియన్) విలువతో కాలానుగుణ గ్రాఫు మాత్రం గీయండి.

కొండకర్ల ఆవ, 2022 జిల్లాల విభజన తరువాత అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినది, దీనికి పూర్తిగా భిన్నం. అది లోతు లేని సహజ మంచినీటి సరస్సు. తామర, కలువ, గుర్రపుడెక్క, నీటిలోపలి మొక్కలు దాని మీద పెద్ద భాగాన్ని కప్పేస్తాయి. పచ్చని ఆకుకు 665 దగ్గర లోయ, 705 దగ్గర ఎత్తు ఉంటాయి కాబట్టి ఎన్‌డీసీఐ తామరాకుల మీద కూడా భారీ విలువ చూపిస్తుంది. దాన్ని క్లోరోఫిల్‌గా మార్చి, ఆవ నిండా నాచు పట్టిందని రాస్తే అది తామరపూల మడుగును నిందించడమే అవుతుంది. సమీప పరారుణ బ్యాండుతో తేలే మొక్కలను ముందు వేరుచేయండి. అయితే నాచు బాగా ముదిరి మీగడలా పైకి తేలినప్పుడు దానికి కూడా పరారుణంలో వెలుగు వస్తుంది, మీ జల్లెడ దాన్ని కూడా పారేస్తుంది. ఈ రెండింటినీ వేరుచేయడానికి సెంటినెల్-1 రాడార్ చిత్రం ఉపయోగపడుతుంది. నీటి పైకి లేచిన ఆకులు రాడార్ తరంగాలను బాగా వెనక్కి చెదరగొడతాయి, పలుచని నాచు పొర ఆ పని చేయదు. ఇంతకూ నా సూచన ఏమిటంటే, కొండకర్లలో క్లోరోఫిల్ వెంట పడకండి. నెలనెలా తేలే మొక్కల విస్తీర్ణం ఎంత, తెరిచిన నీరు ఎంత, ఏ ఒడ్డు నుంచి పూడుకుంటూ వస్తోంది అన్నది 10 మీటర్ల బ్యాండ్లతో గీయండి. ఆ ఆవను పట్టించుకునే వారికి అంతకంటే ఉపయోగపడే సమాచారం మరొకటి లేదు. అక్కడ తాటి దోనెలు జంటగా కట్టి నడిపేవారితో కూర్చుని మాట్లాడి, మీ మ్యాపును వారికి చూపించండి. ఏ మడుగు ఏ నెలలో మూసుకుపోతుందో, ఎక్కడ కిందినుంచి నాచు తీగలు కాళ్లకు తగులుతాయో వారికి తెలిసినంతగా ఏ చిత్రానికీ తెలియదు.

మేఘాద్రిగెడ్డ మీ ప్రాజెక్టుకు ప్రధాన క్షేత్రం కావాలి. నీటి విస్తీర్ణం చాలినంత ఉంది, తాగునీటి వనరు కాబట్టి ఫలితానికి ప్రయోజనం ఉంది, వానకు గెడ్డలు (కొండవాగులు) తెచ్చే ఎర్రమట్టి, వేసవిలో నీరు తగ్గి పెరిగే నాచు రెండూ అక్కడ చూడవచ్చు. టర్బిడిటీకి ఎరుపు బ్యాండు ఒక్కదానితో వెళ్లకండి. బురద ఎక్కువయ్యే కొద్దీ ఎరుపు పరావర్తనం పెరగడం మానేస్తుంది, అప్పటి నుంచి పరారుణ బ్యాండే తేడా చెప్పగలదు. 2015లో డోగ్లియోట్టి బృందం ప్రచురించిన పద్ధతి సరిగ్గా ఇలాగే ఎరుపు పరావర్తనం 0.05 దాటాక క్రమంగా పరారుణానికి మారుతుంది. ఆకొలైట్‌లో అది సిద్ధంగా ఉంది. గెడ్డ వచ్చి కలిసే చోటు నుంచి ఆనకట్ట దాకా ఒక గీత గీసి, దాని వెంట టర్బిడిటీ ఎలా తగ్గుతూ వస్తోందో తేదీల వారీగా చూపితే, పూడిక ఎక్కడ దిగుతోందో చదివేవారికి ఒక్క చూపులో అర్థమవుతుంది.

నమూనాల గురించి అడగని వివరాలు కూడా చెబుతాను, ఎందుకంటే మీ ఫలితం బరువంతా దీని మీదే ఉంటుంది. తాగునీటి జలాశయాల్లో పడవ దించడానికి సంబంధిత శాఖ రాతపూర్వక అనుమతి కావాలి, దానికి పట్టే కాలాన్ని లెక్కలో వేసుకుని ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఉపగ్రహం వచ్చే తేదీల పట్టిక ముందుగానే దొరుకుతుంది. విశాఖ రేఖాంశం మన దేశపు ప్రామాణిక రేఖాంశానికి చాలా దగ్గర కాబట్టి గడియారపు పదిన్నర, సూర్యుడి పదిన్నర దాదాపు ఒకటే. తొమ్మిదికి మొదలుపెట్టి పన్నెండులోపు ముగించండి. ఆ తరువాత సముద్రపు గాలి పుంజుకుని నీటి పైభాగం కలగాపులగం అవుతుంది, పొద్దున్న ఒక ఒడ్డున ఉన్న నాచు మధ్యాహ్నానికి ఎదురు ఒడ్డుకు చేరుతుంది. ఒక్కో తేదీకి ఎనిమిది పది చోట్లు, అలాంటి తేదీలు ఆరేడు ఉండేలా చూసుకోండి. ఒకే రోజు నలభై సీసాలు నింపడం కన్నా వేర్వేరు నెలల్లో కొద్ది కొద్దిగా తీయడం ఎంతో మేలు, ఎందుకంటే సూత్రానికి కావలసినది విలువల్లో వైవిధ్యం.

ప్రతి చోటా ముందు సెకీ పళ్లెం దించండి. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెకీ మొదలుపెట్టిన ఈ పద్ధతికి 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లెం, గుర్తులు పెట్టిన తాడు చాలు. పడవ నీడ పడిన వైపు దించి, కనుమరుగైన లోతునూ, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతునూ రాసుకుని సగటు తీయండి. ఖర్చు లేని ఈ కొలత ఉపగ్రహపు రంగుతో అన్నిటికంటే బాగా కుదురుతుంది. పైగా పళ్లెం అడుగు నేలను తాకినా కనిపిస్తూనే ఉంటే, ఆ చోట ఉపగ్రహం నీటితో పాటు అడుగు మట్టిని కూడా చూస్తోందని అర్థం. ఆ బిందువును లెక్కలోంచి తీసివేయాలి. నీటిని పైనుంచి ఒక అడుగు లోతులోపు తీయండి, అంతకంటే లోతున ఉన్నది 705 దగ్గర ఉపగ్రహానికి అంతంతమాత్రంగానే తెలుస్తుంది. క్లోరోఫిల్ సీసాను రేకు కాగితంతో చుట్టి ఐసు పెట్టెలో ఉంచి, అదే రోజు గ్లాస్ ఫైబర్ వడపోత కాగితం మీద వడకట్టి, 90 శాతం అసిటోన్‌లో తీసి స్పెక్ట్రోఫోటోమీటరులో చదవాలి. ఎండలో గంటసేపు వదిలేసిన సీసా ఇచ్చే విలువకు అర్థం లేదు. మట్టి బరువుకు వేరే సీసా, ముందుగా తూచిన వడపోత కాగితం, 103 నుంచి 105 డిగ్రీల ఓవెన్ కావాలి. మీ ఫోను జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, పడవ కూడా కదులుతుంది కాబట్టి ఒక్క పిక్సెల్‌తో కాకుండా తొమ్మిది పిక్సెళ్ల చతురస్రపు మధ్యగత విలువతో పోల్చండి. ఆ తొమ్మిదింటి మధ్య తేడాలు మరీ ఎక్కువగా ఉన్న చోటును పక్కన పెట్టండి.

నమూనా ఫలితాలు వచ్చాక ర్యాండమ్ ఫారెస్ట్ వంటి మెషిన్ లెర్నింగ్ పద్ధతులు వాడాలని మార్గదర్శకులు సూచించవచ్చు. యాభై అరవై నమూనాలతో అవి జలాశయాన్ని నేర్చుకోవు, తేదీలను కంఠస్థం చేస్తాయి. నమూనాలను కలిపేసి డెబ్భై ముప్పై శాతాలుగా విడగొడితే, ఒకే రోజు పక్కపక్కన తీసిన సీసాల్లో ఒకటి శిక్షణలోనూ ఒకటి పరీక్షలోనూ పడి, సరిపోలిక (ఒకటి అంటే పూర్తి సరిపోలిక) 0.95 అని మెరిసిపోతుంది. పరీక్ష నిజమైనది కావాలంటే ఒక తేదీని మొత్తంగా పక్కన పెట్టి, మిగిలిన తేదీలతో సూత్రం తయారుచేసి, పక్కన పెట్టిన తేదీ మీద ప్రయోగించండి. ప్రతి తేదీకీ ఇలాగే వంతులవారీగా చేయండి. అప్పుడు వచ్చే సంఖ్య చిన్నదిగా ఉంటుంది, కానీ రేపటి చిత్రం మీద మీ సూత్రం ఎంత పని చేస్తుందో చెప్పేది అదే. తప్పును శాతంగా కూడా రాయండి. లీటరుకు ఎన్ని మైక్రోగ్రాముల తేడా అన్నంత మాత్రాన చదివేవారికి అందదు.

వానాకాలం సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన మీద మేఘం ఉంటుంది, ఆ తరువాత తుపానుల కాలం. జలాశయంలోకి కొత్త నీరు, కొత్త మట్టి దిగేది ఆ నెలల్లోనే, ఉపగ్రహానికి కళ్లు మూతపడేది కూడా అప్పుడే. సెంటినెల్-1 రాడార్ మేఘాల గుండా చూస్తుంది కాబట్టి నీటి విస్తీర్ణం కొనసాగించవచ్చు, రంగు మాత్రం రాడార్‌కు తెలియదు. కాబట్టి ఏడాది సగటు అని ఎక్కడా రాయకండి. ఏ నెలల్లో ఎన్ని మేఘరహిత చిత్రాలు దొరికాయో పట్టిక ఇచ్చి, సగటు ఆ నెలలకే చెందుతుందని స్పష్టంగా రాయండి. వానల్లో ఖాళీని నింపడానికి సీసాలే దారి.

పాత చరిత్ర కావాలనుకుంటే ల్యాండ్‌శాట్‌ను మించినది లేదు. ల్యాండ్‌శాట్-5 చిత్రాలు 1984 నుంచి, ల్యాండ్‌శాట్-8వి 2013 నుంచి, 9వి 2021 నుంచి ఉన్నాయి. వాటిలో 705 బ్యాండు లేదు కాబట్టి బురద నీటిలో క్లోరోఫిల్ అడగకండి. టర్బిడిటీ, తేటదనం, నీటి విస్తీర్ణం అడగండి. పైభాగపు ఉష్ణోగ్రత కూడా వస్తుంది కానీ ఆ సెన్సరు అసలు పిక్సెల్ ల్యాండ్‌శాట్-8, 9లలో 100 మీటర్లు, 5లో 120 మీటర్లు, 30 మీటర్లుగా ఇచ్చినది సాగదీసినదే. మేఘాద్రిగెడ్డ నడిమధ్యకు సరిపోతుంది, ముడసర్లోవకు సరిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పటి ముందు వెనుక చిత్రాలను పోల్చి, కొండల మీద పచ్చదనం పోయాక జలాశయాల్లో తరువాతి వానలకు మట్టి రాక మారిందా అని పరిశీలించడం మీ ప్రాజెక్టులో ఒక మంచి అధ్యాయం కాగలదు.

చివరిగా తాగవచ్చా లేదా అన్న ప్రశ్న. మీ మ్యాపు చూసిన ప్రతి ఒక్కరూ అదే అడుగుతారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టర్బిడిటీ ఒక ఎన్‌టీయూ (టర్బిడిటీని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, వేరే వనరు లేనప్పుడు ఐదు దాకా అనుమతి ఉంది. ఉపగ్రహ అంచనాలో సహజంగా ఉండే తప్పే అంతకంటే ఎక్కువ, పైగా ఆ ప్రమాణం శుద్ధి చేసిన కుళాయి నీటికి చెందినది, జలాశయంలో ఉన్న నీటికి కాదు. కాబట్టి మీ మ్యాపులో సురక్షితం, ప్రమాదకరం అనే రంగుల వర్గాలు పెట్టకండి. క్లోరోఫిల్ లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు, తప్పు ఇంత శాతం అని రాసి, ఈ తేదీన ఈ మూలలో విలువలు మామూలు కంటే పెరిగాయి కాబట్టి ఇక్కడ నమూనా తీయడం అవసరం అని నీటి సరఫరా ఇంజినీర్లకు పంపండి. డిసెంబరులో మొదలుపెడితే మే దాకా మబ్బులేని చిత్రాలు సమృద్ధిగా దొరుకుతాయి. అనుమతి పత్రం, సెకీ పళ్లెం, వడపోత కాగితాలు నవంబరు లోపే సిద్ధం చేసుకోండి.